పాత బండి, పిల్లల చేతికి కొత్త పని
(సోలాపూర్‌లో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన అంశం, పాత కార్లను కాపాడుకునే సంఘాలు వాహన శిక్షణ తీసుకునే విద్యార్థులకు ఎట్లా సాయం చేస్తున్నాయి, మనం అందులోంచి ఏం నేర్చుకోవచ్చు అని. ఆహ్వాన పత్రిక చూసి ఒక పెద్దాయన నాకు ఫోన్ చేశారు. "ఏమయ్యా, నేతోళ్ల సభలో కార్ల ముచ్చట ఏంది?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికే జవాబు చెప్తాను.

నేను ఐటీఐలో మోటార్ మెకానిక్ పిల్లలకు పాఠాలు చెప్పేవాణ్ణి. మా నాయన సాంచాల కార్ఖానాలో జాబర్. కాబట్టి మగ్గానికీ మోటారుకూ మధ్య చుట్టరికం నాకు ఇంట్లోనే తెలిసింది. కానీ ఇది మా ఇంటి సంగతి మాత్రమే కాదు.

మగ్గం నుంచే కారు

జపాన్‌లో సాకిచి టొయోడా అని ఒకాయన ఉండేవారు. మగ్గాలు తయారు చేసేవారు. పోగు తెగితే మగ్గం తనంతట తానే ఆగిపోవాలి, లేకపోతే తప్పు గుడ్డ గజాలు గజాలు నేసుకుంటూ పోతుంది, అని ఆయన పట్టుదల. 1924లో ఆయన, కొడుకు కీచిరో కలిసి ఒక ఆటోమేటిక్ మగ్గం పూర్తి చేశారు. మగ్గం ఆగకుండానే ఖాళీ అయిన నాడె స్థానంలో కొత్త నాడె వచ్చేది. 1929లో దాని పేటెంట్ హక్కులను ఇంగ్లాండులోని ప్లాట్ బ్రదర్స్ అనే మగ్గాల కంపెనీకి ఇచ్చారు. 1933లో అదే మగ్గాల కంపెనీలో కీచిరో కార్ల విభాగం పెట్టారు. 1937లో అది టొయోటా మోటార్ కంపెనీ అయ్యింది. ఈ రోజు కార్ల కార్ఖానాల్లో "తప్పు జరిగితే అక్కడే ఆపు, తప్పును ముందుకు పోనివ్వకు" అని నేర్పే పద్ధతి ఉంది కదా, దాని మూలం తెగిన పోగు దగ్గర ఆగిన ఆ మగ్గమే.

ఇంకో పేరు చెప్తాను. సుజుకి. 1909లో హమమత్సు ఊళ్లో మిచియో సుజుకి పెట్టింది మగ్గాల కార్ఖానా. నలభై ఏళ్లకు పైగా మగ్గాలే వాళ్ల ప్రధాన వ్యాపారం. 1952లో సైకిలుకు ఇంజను తగిలించారు, 1955లో చిన్న కారు తెచ్చారు. 1983 డిసెంబరులో మన దేశంలో మారుతి 800 రోడ్డెక్కింది అంటే, దాని వెనక కూడా ఒక మగ్గాల కార్ఖానా ఉంది.

కాబట్టి పెద్దాయనకు నేను ఇట్లా చెప్పాను: "బాబాయ్, మనం కార్ల ఇంటికి కొత్తగా పోవడం లేదు. మన చుట్టాలు ఎప్పుడో పోయారు. మనమే ఆలస్యం."

ఒక సంగతి గమనించండి. కీచిరో కార్ల పని మొదలుపెట్టినప్పుడు ఆయన దగ్గర తయారుగా ఉన్న పాఠ్యపుస్తకం లేదు. ఒక షెవ్రొలే కారు తెప్పించి, పూర్తిగా విప్పి, ఒక్కో భాగం కొలిచి, బొమ్మ గీసి నేర్చుకున్నారు. విప్పి చూసి నేర్చుకోవడం. నేను ఈ రోజు చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే ఉంటుంది.

ఆ సంఘాలు చేస్తున్న పని

అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో మెక్‌ఫర్సన్ అని చిన్న పట్నం, అందులో చిన్న కాలేజీ. 1976లో ఆ ప్రాంతపు వ్యాపారి ఒకాయన తన పాత కార్ల సేకరణను కాలేజీకి ఇచ్చి, వీటి మీద పిల్లలకు పని నేర్పండి అన్నారు. అట్లా మొదలైన చదువు ఇప్పుడు నాలుగేళ్ల డిగ్రీ. ఇంజను విభాగం, బాడీ రేకు పని, రంగు పని, సీట్ల కుట్టుపని అన్నీ నేర్పుతారు. పాత కార్ల ప్రదర్శనల్లో పేరుమోసిన పెబుల్ బీచ్ నిర్వాహకులు ఆ కాలేజీ పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నారు. ఆ పిల్లలు 1953 నాటి మెర్సిడెస్ కారును ఏళ్ల తరబడి బాగు చేసి, 2023లో అదే పెబుల్ బీచ్ పోటీకి తీసుకుపోయి తమ తరగతిలో రెండో స్థానం తెచ్చుకున్నారు. కోటీశ్వరుల కార్ల మధ్య విద్యార్థుల కారు!

ఇంగ్లాండులో బిస్టర్ అనే చోట పాత సైనిక విమానాశ్రయం ఉంది. ఇప్పుడు అక్కడ పాత వాహనాల కార్ఖానాలు, వాటితో పాటు అప్రెంటిస్‌లకు శిక్షణ సంస్థ ఉన్నాయి. యంత్రం పని ఒక దారి, బాడీ కట్టే పని ఒక దారి, లోపలి గుడ్డ–తోలు పని ఇంకో దారి.

ఇవి కాక, చాలా దేశాల్లో ఊరూరా ఉన్న చిన్న క్లబ్బులు ఏడాదికోసారి కార్ల ప్రదర్శన పెట్టి, ప్రవేశ రుసుము, టీ–టిఫిన్ దుకాణాల మీద వచ్చిన డబ్బులో కొంత దగ్గర్లోని వాహన శిక్షణ పిల్లలకు ఇస్తాయి. ఒకరికి ఫీజు, ఒకరికి పనిముట్ల పెట్టె.

ఇది పూర్తిగా దానధర్మం అనుకోకండి. వాళ్ల స్వార్థం కూడా ఉంది. కారు ఉన్నవాళ్లకు వయసు పైబడుతోంది. ఆ కారును ఎరిగిన మేస్త్రీలకు ఇంకా పైబడుతోంది. కార్బురేటర్ విప్పి శుభ్రం చేసి, చెవి పెట్టి విని సరిచేసే చేతులు తగ్గిపోతున్నాయి. పిల్లలకు నేర్పకపోతే కారు ఉంటుంది, నడిపించే విద్య ఉండదు. ఈ బాధ మనకు కొత్తదా? జాలపు మగ్గం ఇంట్లో ఉండి, జాలం కట్టేవాడు ఊళ్లో లేని ఇళ్లు మనలో ఎన్ని లేవు?

మన దేశంలో, మన భాషవాళ్లలో

తమిళనాడు నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పే పేరు బాగా తెలుసు. జి.డి. నాయుడు గారు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. బడి చదువు పెద్దగా లేదు. ఒక ఇంగ్లీషు అధికారి దగ్గర మోటార్‌సైకిలు చూసి మనసుపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్ని కొన్నారు. కొన్న తర్వాత చేసిన పని, విప్పి చూడటం! 1920లో పొల్లాచ్చి–పళని మధ్య ఒక్క బస్సు నడిపారు. తర్వాత అది పెద్ద బస్సుల సంస్థ అయ్యింది. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యకు ఆర్థర్ హోప్ పేరుతో పాలిటెక్నిక్ రావడానికి ఆయనే కారణం. ఆయన పేరు మీదున్న ధర్మసంస్థ ఈనాటికీ అవినాశి రోడ్డులో పాత కార్ల మ్యూజియం నడుపుతోంది, యువకులకు సాంకేతిక శిక్షణ కూడా ఇస్తోంది. పాత కారు ఒక పక్క, పిల్లల శిక్షణ ఒక పక్క, రెండూ ఒకే కప్పు కింద. కోయంబత్తూరు, సేలం వైపు ఉన్న మన కుటుంబాలు సెలవుల్లో పిల్లల్ని తీసుకుపోయి చూపించండి.

మన బస్తీల చుట్టూ కూడా పాత బండ్ల చరిత్ర ఉంది. ముంబైలో మన తాతలు మిల్లులకు పోయిన కాలంలో కుర్లాలో ప్రీమియర్ కంపెనీ కార్లు తయారయ్యేవి. ఆ పద్మిని టాక్సీలు 2023 అక్టోబరు దాకా ముంబై రోడ్ల మీద నడిచాయి. మైసూరులో జావా, యెజ్డీ మోటార్‌సైకిళ్లు, మద్రాసులో ఎన్‌ఫీల్డ్, పుణెలో బజాజ్ చేతక్. మన ఇళ్లలో ఎవరో ఒకరి వాకిట్లో, తాడిపత్రి కప్పి, ఇప్పటికీ ఒక బండి ఉంటుంది. నాయన గుర్తు అని అమ్మరు, నడిపేవాళ్లు లేక తీయరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. కేంద్ర రవాణా శాఖ 2021లో పాత వాహనాలకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారకుండా ఉన్న ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్ట్రేషనుకు 20,000 రూపాయలు, అది పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, ఇంధనానికి తీయవచ్చు కానీ రోజువారీ ప్రయాణానికీ వ్యాపారానికీ వాడకూడదు. అంతకన్నా వయసు తక్కువ బండి ఉంటే మామూలు నియమాలే. పిల్లలు నేర్చుకోవడానికి షెడ్డులో విప్పుకోవాలంటే ఈ నంబరు అక్కర్లేదు. రోడ్డెక్కించేటప్పుడే కాగితాలు చూసుకోవాలి.

పాత బండి ఏం నేర్పుతుంది?

ఇప్పటి కారు మూత తీస్తే పైన ప్లాస్టిక్ కవరు కనబడుతుంది. తప్పు ఎక్కడుందో స్కానర్ చెప్తుంది. స్కానర్ రావాల్సిందే, కాదనను. కానీ మొదటిరోజే స్కానర్ చేతికిస్తే పిల్లవాడు నంబరు చదువుతాడు, బండిని చదవడు.

పద్మిని ఇంజను చూడండి. నాలుగు సిలిండర్లు, ఒక కార్బురేటర్, ఒక డిస్ట్రిబ్యూటర్. అంతా కంటికి కనబడుతుంది. పెట్రోలు ఎటు వస్తుంది, గాలి ఎట్లా కలుస్తుంది, నిప్పురవ్వ ఎప్పుడు పడుతుంది, చేత్తో తాకి చూపించవచ్చు.

సాంచా నడిపినవాళ్లకు ఇది ఇంకా తేలిక. పడుగు తెరుచుకున్న సందులోనే నాడె పోవాలి. ఒక్క క్షణం ముందైనా వెనకైనా నాడె చిక్కి పోగులన్నీ తెగుతాయి. ఇంజనులోనూ అంతే. వాల్వులు మూసుకొని, పిస్టన్ పైకి వచ్చే వేళకే రవ్వ పడాలి. ముందైతే కొడుతుంది, వెనకైతే శక్తి పోతుంది. సాంచాలో ఈ కాలాన్ని నడిపేది క్యామ్, ఇంజనులోనూ క్యామే. జాబర్ చప్పుడు విని "పికింగ్ తేడాగా ఉంది" అంటాడే, అదే చెవి ఇంజనుకు కావాలి. ఆ చెవి మన పిల్లలకు పుట్టినప్పటి నుంచి తయారవుతోంది. దానికి సర్టిఫికెట్ లేదు, అంతే తేడా.

ఇంకో పని ఉంది, అది అచ్చంగా మనది. పాత కారు లోపలి సీటు గుడ్డ, పైకప్పు గుడ్డ, తలుపుల లోపలి అతుకులు. పాతకాలపు కార్లలో ఉన్ని గుడ్డ, మందపాటి నూలు గుడ్డ వాడేవాళ్లు. ఆ నేత, ఆ రంగు, ఆ చార మళ్లీ కావాలంటే బజారులో దొరకదు. అంగుళానికి ఎన్ని పోగులో లెక్కపెట్టి, నమూనా చూసి అదే గుడ్డ దింపగలిగేది ఎవరు? చద్దరు నేసిన చేతికి ఇది పరాయి పని కాదు. తక్కువ గజాలే కావచ్చు, కానీ గజానికి ధర చెప్పుకోదగ్గ పని.

నలుగురూ అడిగే మాటలు

మొదటిది: "కరెంటు కార్లు వస్తున్నాయి, ఇంకా ఈ ఇంజను పని ఎందుకు?" కరెంటు కారుకు ఇంజను ఉండదు, నిజమే. కానీ బ్రేకులు, స్టీరింగు, సస్పెన్షను, చక్రాలు, బాడీ, రంగు, సీట్లు, ఏసీ అన్నీ ఉంటాయి. ఐటీఐలో ఇప్పుడు ఎలక్ట్రిక్ వాహన మెకానిక్ ట్రేడు కూడా వచ్చింది. నా సలహా: పాత బండితో పునాది, కరెంటు బండితో పైఅంతస్తు. రెండూ నేర్పాలి.

రెండోది: "చేతులకు నూనె మసి, పిల్లనెవరిస్తారు?" ఈ మాట ఎవరూ మైకులో అడగరు, ఇంట్లో అడుగుతారు. ఇంజనీరింగ్ సీటు కోసం అప్పు చేసి, బ్యాక్‌లాగులు మిగిలి, చివరికి సాంచాల దగ్గరికే తిరిగొచ్చిన పిల్లలు మన వాడల్లో లేరా? మసి సబ్బుతో పోతుంది. వడ్డీ పోదు.

మూడోది: "ఆడపిల్లలకు ఇందులో ఏముంది?" పుణెలో టాటా మోటార్స్ కార్ఖానాలో మొత్తం ఆడవాళ్లే కార్లు బిగించే లైను నడుస్తోంది. రంగు పని, సీట్ల పని, విద్యుత్ పని, సర్వీసు కౌంటర్ దేనికైనా మన అమ్మాయిలు పనికొస్తారు. కండెలు చుడుతూ లెక్క తప్పని చేతులు వాళ్లవి.

అసలు సంగతి

ఇక నేను ఎందుకొచ్చానో చెప్తాను. మన సంఘాలు పిల్లలకు ఇచ్చే సాయం ఎవరికి పోతోంది? తొంభై శాతం వచ్చినవాళ్లకు శాలువా, మెమెంటో, చెక్కు. మంచిదే, వాళ్ల కష్టానికి చప్పట్లు కొట్టాల్సిందే. కానీ యాభై రెండు శాతం వచ్చిన పిల్లవాడు ఈ సభకు వచ్చి, వెనక కూర్చుని, చప్పట్లు కొట్టి, భోజనం చేసి వెళ్లిపోతాడు. మరునాడు సాంచా దగ్గర నిలబడతాడు. వాడికి మనం ఏమిచ్చాం?

పదో తరగతి పాసైతే చాలు, మోటార్ మెకానిక్ ట్రేడులో రెండేళ్ల చదువు. డీజిల్ మెకానిక్ అయితే ఒక్క ఏడాది. తర్వాత అప్రెంటిస్‌షిప్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం స్టైపెండ్ ఇవ్వాలి. 2016లో వచ్చిన జాతీయ పథకం కింద అందులో నాలుగో వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, ప్రభుత్వం భరిస్తుంది. సోలాపూర్ నుంచి సుమారు 250 కిలోమీటర్ల దూరంలో పుణె, పింప్రి, చాకణ్ ఉన్నాయి. తమిళనాడువాళ్లకు హోసూరు, శ్రీపెరుంబుదూరు దగ్గర. కర్ణాటకవాళ్లకు బిడది ఉంది. గ్రామీణ పేద కుటుంబాల పిల్లలకు పదో తరగతి తర్వాత హాస్టలుతో మూడేళ్ల శిక్షణ ఇచ్చే టొయోటా సంస్థ అక్కడే 2007 నుంచి నడుస్తోంది. మగ్గాల కంపెనీలోంచి పుట్టిన కంపెనీ బడికి నేత పిల్లలు పోకపోతే ఎట్లా?

ఐటీఐలో ఫీజు పెద్ద బరువు కాదు. పిల్లలు మానేసేది వేరే చోట. బస్సు ఛార్జీ, బూట్లు, పనిముట్లు. అప్రెంటిస్‌గా ఊరుగాని ఊరు పోయినప్పుడు మొదటి స్టైపెండ్ చేతికి వచ్చేదాకా గది అద్దె, తిండి. ఇంట్లో వారం కూలీ తగ్గుతుందనే బెంగ. పెద్ద అడ్డంకులు కావు, చిన్నవే. చిన్నవే కాబట్టి మన చేతిలో ఉన్నాయి.

అందుకే సమాఖ్య ముందు నాలుగు ప్రతిపాదనలు పెడుతున్నాను.

ఒకటి. విద్యా నిధిలో మూడో వంతు ఐటీఐ, డిప్లొమా, అప్రెంటిస్ పిల్లలకు కేటాయించాలి. మార్కుల గీత పెట్టకుండా, హాజరు చూసి ఇవ్వాలి.

రెండు. మెమెంటో బదులు పనిముట్ల పెట్టె. స్పానర్ల సెట్టు, ఫీలర్ గేజ్, మల్టీమీటర్, కళ్లద్దాలు, బూట్లు. దాని మీద పిల్లవాడి పేరు. పేరున్న పనిముట్టు అమ్ముకోబుద్ధి కాదు.

మూడు. మన సభ్యుల్లో పాత బండ్లు ఉన్నవాళ్లంతా ఒక చిన్న మండలిగా చేరాలి. కారే ఉండాలని లేదు, లాంబ్రెట్టా ఉన్నా చాలు. ఏడాదికి ఒక బండి పిల్లల చేతికివ్వాలి. రిటైరైన మేస్త్రీలు, జాబర్లు ఆదివారం వచ్చి నేర్పాలి. పూర్తయిన బండిని వచ్చే వార్షికోత్సవం నాడు ఈ గేటు ముందు నిలబెట్టాలి. చూడటానికి వచ్చేవాళ్ల దగ్గర పది రూపాయలు తీసుకుంటే అదీ నిధికే.

నాలుగు. పుణె వైపు స్థిరపడిన మన కుటుంబాలు, అప్రెంటిస్‌గా వచ్చిన పిల్లలకు మొదటి రెండు నెలలు తలదాచుకునే చోటు చూపించాలి.

వీటితో పాటు మూడు జాగ్రత్తలు. పిల్లలు నేర్చుకోవడానికి వస్తారు, ఎవరి కారునో ఉచితంగా బాగు చేయడానికి కాదు. ఏ రోజు ఏం నేర్పారో పుస్తకంలో రాయాలి. బండి అమ్మితే వచ్చిన దాంట్లో వాళ్లకు వాటా ముందే మాట్లాడుకోవాలి. జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి ఎవరూ దూరకూడదు, కింద స్టాండ్లు పెట్టాలి. మూడోది ముఖ్యం: పాత బండ్ల బ్రేకు లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు విషం. గాలి పైపుతో ఊదకూడదు, తడిపి తుడవాలి, మాస్కు ఉండాలి. దూది ధూళితో దగ్గి దగ్గి వెళ్లిపోయిన పెద్దలు మన ఇళ్లలో ఉన్నారు. పని మారినా దగ్గు మారలేదు అనిపించుకోకూడదు.

అందరికీ ఉద్యోగం ఖాయం అని నేను మాట ఇవ్వను. అట్లా ఇచ్చేవాళ్లను నమ్మకండి కూడా. పదిమందిని పంపితే కొందరు నిలబడతారు, ఒకరిద్దరు సొంత గ్యారేజీ పెడతారు, కొందరు వేరే దారి పడతారు. కానీ పదిమందికీ దారి ఉందని తెలుస్తుంది. ఇప్పుడు ఆ దారి ఉందని కూడా వాళ్లకు ఎవరూ చెప్పడం లేదు.

మగ్గం వదిలేయమని నేను అనలేదు. నేసే పిల్లలు నేయాలి, వాళ్లకు మంచి కూలీ రావాలి, దానికి వేరే పోరాటం ఉంది. మగ్గం మన చేతికి నేర్పిన విద్యను ఇంకో చోట కూడా చెల్లించుకోవచ్చని మాత్రమే అంటున్నాను.

ఈ మధ్యాహ్నం కార్యవర్గ సమావేశం ఉంది. విద్యా నిధి తీర్మానం అక్కడే వస్తుంది. పెద్దలు మొదటి ప్రతిపాదననైనా ఈ పూటే తేల్చాలని చేతులు జోడించి అడుగుతున్నాను. ఐటీఐ దరఖాస్తుల గురించి తెలుసుకోవాలనుకునే పిల్లలు, తల్లిదండ్రులు భోజనాల తర్వాత ఇక్కడే మెట్ల దగ్గర నన్ను కలవండి. మార్కుల మెమో తెచ్చుకోకపోయినా ఫర్వాలేదు.